సవరణ: చైన్‌సాకి చైన్ కొనేటప్పుడు

బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) 18 అంగుళాలైతే 18 అంగుళాల చైన్ అడిగితే చాలని మొన్నటి పోస్టులో ఉంది. చాలదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొట్టువాడికి పిచ్ (లింకుల ఎడం), గేజ్ (బార్ గాడిలోకి దిగే లింకుల మందం), డ్రైవ్ లింకుల సంఖ్య మూడూ చెప్పాలి. మామూలుగా ఇవి బార్ మీద ఇంజిన్ వైపు చివర చెక్కి ఉంటాయి, జిడ్డు తుడిస్తే కనిపిస్తాయి. అరిగిపోయాయా? పాత చైన్ పట్టుకెళ్లండి. వరసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగం పిచ్. బార్ గాడిలోకి దిగే పళ్లే డ్రైవ్ లింకులు, దగ్గరుండి లెక్కపెట్టించండి.

0.325 అంగుళాల పిచ్ చైన్ 3/8 అంగుళాల స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) మీద సరిగ్గా కూర్చోదు, అది వెంటనే తెలిసిపోతుంది. గేజ్‌తోనే తంటా. 0.058 అంగుళాల గాడిలో 0.050 గేజ్ చైన్ హాయిగా పడుతుంది, తీరా కోస్తుంటే పక్కలకి ఊగి కోత వంకరపోతుంది. పట్టింది కదా అని అంటగట్టేవాళ్లూ ఉంటారు!

అన్నట్టు, 0.325 చైన్‌కి పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి 4.8 మి.మీ.ది తీసుకోండి.