మహారాజశ్రీ నీతిమంతులైన ఎడమ బూటు గారికి

మహారాజశ్రీ ఎడమ బూటు గారి దివ్య సముఖమునకు, కాలిఫోర్నియాలో అనహైమ్ పక్కన కాపురముంటున్న ఒక తండ్రి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగను. చిటికెనవేలి దగ్గర పడిన కన్నంలోంచి మావాడి ఎర్ర సాక్సు తొంగిచూడటం నిన్న సాయంత్రం కళ్ళారా చూశాను.

తమరు మా ఇంట అడుగుపెట్టి 19 రోజులు. మావాడు ఇదివరకు వాడిన స్కేట్ బూట్లు జత 70 డాలర్లు. తమరి జత 110. పైన పెట్టిన 40 తమరి నీతికి, అంటే భూమికీ, కుట్టినవాళ్ళకీ అన్యాయం చెయ్యని బూట్లని తమరి కంపెనీ చెప్పుకునే మాటకి. "నీతి మీద కూడా సేల్స్ ట్యాక్స్ వేశారండీ" అని మా ఆవిడ రసీదు చూపించింది. అప్పటికే కార్డు గీకేశాను.

తమరు పెట్టెలో పెరిగినవారు, లోకం తెలియదు. స్కేట్‌బోర్డు అనే చక్రాల చెక్క మీద గ్రిప్ టేప్ అని నల్లగా అంటించి ఉంటుంది చూశారూ, అది సిలికాన్ కార్బైడ్ పొడి. మా ఊళ్ళో వడ్రంగులు ఉప్పుకాగితం అంటారే, దానికి పెద్దన్న. ఓలీ అనే విద్యలో వెనక కాలితో బోర్డు తోక తొక్కి, ముందు కాలిని వాల్చి, ఆ ఉప్పుకాగితం మీద రాసుకుంటూ పైకి ఈడుస్తారు. అలా ఈడిస్తే బోర్డు గాల్లోకి లేస్తుంది. మావాడు రోజుకి వందసార్లు ప్రయత్నిస్తాడు. ఎన్నిసార్లు బోర్డు లేస్తుందో, ఎన్నిసార్లు వీడు పడతాడో నేను లెక్కపెట్టడం మానేశాను, బీపీ పెరుగుతోంది. వాడి ముందు కాలు ఎడమది. కాబట్టి చిరిగేదెప్పుడూ ఎడమ బూటే. కుడి బూటు మాత్రం పెళ్ళిచూపులకు వెళ్ళే కుర్రాడిలా నలగకుండా ఉంటుంది. మా గరాజ్‌లో ఇప్పటికి అలాంటి కుడి బూట్లు ఏడున్నాయి. తమరి జతగాడితో ఎనిమిది.

పాత జతలు స్వెడ్‌వి, అంటే నూగులాంటి మెత్తటి తోలువి. ఆ రాపిడికి ఒక్కోటి ఆరు వారాలు ఆగేది. తమరిది సేంద్రియ పత్తి గుడ్డ. జంతువుల తోలు తమరికి గిట్టదు. దాన్ని నేను వెక్కిరించను. మాది కుప్పం వైపు. మా పక్కనుంచి పోయే పాలారు తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు దాటి వెళ్తుంది. అక్కడి తోళ్ళ ఫ్యాక్టరీలు ఆ ఏటినీ, చుట్టుపక్కల బావుల్నీ ఏం చేశాయో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదివితే తెలుస్తుంది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలని కోర్టు గట్టిగానే చెప్పింది. తోలు చేసిన పాపం మాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ లెక్క చూడండి. స్వెడ్ బూటుకి వారానికి 12 డాలర్లు పడేది. తమరికి 40 పడుతోంది. పోనీ డబ్బు వదిలేద్దాం. ఏడాదికి తొమ్మిది జతలు చించేవాడు ఇప్పుడు 19 జతలు చించాలి. అన్ని జతల రబ్బరు, అన్ని జతల జిగురు, అన్నిసార్లు ఓడ ప్రయాణం. భూమాత తమరికి థాంక్స్ చెప్పేలోపే మీరు చెత్తబుట్టలో ఉంటున్నారు. కన్నానికి గమ్ము కూడా పట్టించాం. రెండు రోజులు ఆగింది.

తమరి పెట్టెలో ఒక కార్డు వచ్చింది. ఒకవైపు కుట్టుమిషను ముందు కూర్చుని నవ్వుతున్న ఒకావిడ ఫొటో. కింద ఆవిడ పేరు, "మీ బూట్లు తయారుచేసింది నేనే" అన్న మాట. రెండోవైపు, ఈ జత పేరిట రెండు మొక్కలు నాటామన్న శుభవార్త. మావాడు కార్డు అటూ ఇటూ తిప్పి, "నాన్నా, ఈ ఆంటీకి ఎంతిస్తారు?" అన్నాడు. నేనూ తిప్పి చూశాను. నవ్వు అచ్చేశారు, మొక్కల లెక్క అచ్చేశారు, జీతం మాత్రం అచ్చెయ్యలేదు. జాగా చాలలేదేమో.

కుట్టిన మనిషి పేరు తెలిస్తే న్యాయం జరిగిపోయినట్టేనని తమరి కంపెనీ నమ్మకం. మా తాతకి కిర్రుచెప్పులు కుట్టిన పెద్దాయన పేరు ఊరందరికీ తెలుసు. ఆయన తండ్రి పేరు తెలుసు, ఇల్లు తెలుసు, ఆ తోలు ఏ ఎద్దుదో కూడా తెలుసు. ఇంతకు మించి ఆచూకీ ఏ కంపెనీ ఇవ్వగలదు? ఏడాదికోసారి కళ్ళం దగ్గర గింజలు కొలిచేవారు. ఎన్ని కొలవాలన్నది మా తాత ఇష్టం. ఊరందరికీ చెప్పులు కుట్టిన ఆ పెద్దాయన మా వీధిలోకి వస్తే తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. మా తాత మాత్రం ఆయన చేతి పనిని మాదిగవాడ దాకా వినపడేలా కిర్రుకిర్రుమనిపిస్తూ తిరిగేవాడట. ఇది మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అప్పట్లో కెమెరా లేదు గానీ, ఉండుంటే ఆ పెద్దాయన్నీ నవ్వమని ఫొటో తీసి కార్డు వేయించేవాళ్ళమే.

2014 ఏప్రిల్‌లో చైనాలోని డోంగ్వాన్‌లో, పెద్ద పెద్ద బ్రాండ్లకు బూట్లు చేసే యూ యుయెన్ ఫ్యాక్టరీల్లో 40,000 మంది దాకా పని ఆపేశారు. వాళ్ళడిగింది మొక్కలు కాదు. తమ పేర కట్టాల్సిన సామాజిక బీమా సొమ్ము పూర్తిగా కట్టమన్నారు. యాజమాన్యం దిగొచ్చింది. అందులో నాలాంటి కొనుగోలుదారు దయ ఏమీ లేదు.

మీ బంధువర్గంలో ఒకరంటే నాకు కొంచెం గౌరవం ఉంది. కెనడాలో యాడ్‌బస్టర్స్ అనే పత్రికవాళ్ళు 2004లో బ్లాక్‌స్పాట్ అని ఒక బూటు తెచ్చారు. హెంప్ గుడ్డ (గంజాయి జాతి మొక్క నారే, మా అత్తగారికి చెప్పకండి), లోగో బదులు చేత్తో వేసినట్టుండే చుక్క. బ్రాండ్లని తిట్టడానికి పెట్టిన బ్రాండు కాబట్టి నవ్వొస్తుంది. కానీ పోర్చుగల్‌లో యూనియన్ ఉన్న ఫ్యాక్టరీలో కుట్టిస్తున్నామన్నారు. యూనియన్ అన్న ఆ ఒక్క మాట కార్డు మీది నవ్వు కంటే నాకు ఎక్కువ పనికొస్తుంది.

అసలు సంగతికి వస్తాను. మా ఇంటికి కూతవేటు దూరంలో, ఈ అనహైమ్‌లోనే, 1966లో వాన్ డోరెన్ అన్నదమ్ములు, వాళ్ళ భాగస్వాములు బూట్ల దుకాణం తెరిచారు. వాన్స్ అంటే అదే. బూట్లు అక్కడే చేసి అక్కడే అమ్మేవారు. తొలిరోజు 12 మంది వచ్చి ఆర్డరిస్తే, అదే రోజు చేసిచ్చారని కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ తర్వాత స్కేటర్లు మొదలయ్యారు. మావాడిలాగే ఒక కాలి బూటు చించుకుని వచ్చేవారు. వాళ్ళకి జత అంటగట్టకుండా ఒంటి బూటు అమ్మేవారు. విన్నారా? చిరిగింది ఎడమదైతే ఎడమదే. ఆ ఒంటి బూటు పేరిట మొక్కలేమీ నాటలేదు. 1990ల్లో ఆ కాలిఫోర్నియా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, అది వేరే కథ. ఇప్పుడు ఏ దుకాణంలోనైనా ఎడమ బూటు ఒక్కటి ఇమ్మంటే, అమ్మే కుర్రాడు నా కాళ్ళ వంక జాలిగా చూస్తున్నాడు.

40 డాలర్లు ఎక్కువ పెట్టడం నాకు బాధ కాదు. అందులో నాలుగైనా కార్డు మీది ఆవిడ చేతికి వెళ్తాయని రాసివ్వండి, 50 ఇస్తాను. వేలి దగ్గర రెండు వరసలు కుట్టి, లోపల ఇంకో పొర వేసి, రెండు నెలలు ఆగేట్టు చేయండి, 60 ఇస్తాను, మా ఆవిడకి నేను చెప్పుకుంటాను. 19 రోజులాగే గుడ్డకి, ఎక్కడున్నాయో తెలియని రెండు మొక్కలకి మాత్రం ఇవ్వబుద్ధి కావడం లేదు.

ఈ మాటే మర్యాదగా రెండు ప్రశ్నలు చేసి పోయిన సోమవారం తమరి కంపెనీకి ఈమెయిలు పెట్టాను. ఒకటి, కార్డు మీది ఆవిడకి జీతమెంత? రెండు, ఎడమ బూటు ఒక్కటే అమ్ముతారా?

గురువారం జవాబొచ్చింది. "మీ ఆసక్తికి మా హృదయపూర్వక ధన్యవాదాలు" అని మొదలుపెట్టి, మీరు మా కుటుంబంలో ఒకరు అని ముగించారు. నడుమ, తర్వాతి జత మీద 10 శాతం తగ్గింపు కూపన్ ఉంది. ఆదివారం దాకా చెల్లుతుంది.

మావాడు అప్పుడే గరాజ్‌లో తొమ్మిదో కుడి బూటుకి చోటు సర్దుతున్నాడు.

ఇట్లు,
తమరి 110 డాలర్ల విధేయుడు