రిపోర్టు వచ్చేసరికి రోగి ఇంటికెళ్లిపోతాడు

కరోనా కొత్త రకాల మీద నిఘా ఇంకా అవసరమా అన్నది ఇక్కడి వాదన. ఒకవైపు మూసాపేటలో చిన్న క్లినిక్ నడిపే డాక్టరు. ఇంకోవైపు ఆయన మేనకోడలు నీరజ. హైదరాబాద్‌లోనే ఒక ల్యాబ్‌లో వైరస్ జన్యుక్రమం చదవడం, అంటే సీక్వెన్సింగ్, ఆమె పని. 2021లో ఇద్దరూ నిద్రలు మానుకుని పనిచేసినవాళ్లే. అందుకే ఇద్దరి మాటా పూర్తిగా వినాలి.

మామయ్య: నాది ఒక్కటే ప్రశ్న నీరజా. జ్వరంతో వచ్చిన మనిషికి ఏ వేరియంట్ సోకిందో తెలిస్తే నేను రాసే మందు మారుతుందా? వయసు, షుగర్, ఆక్సిజన్ శాతం చూసి వైద్యం చేస్తాం. మీ సీక్వెన్సింగ్ రిపోర్టు వచ్చేసరికి రోగి ఇంటికెళ్లిపోతాడు. 2021 ఏప్రిల్‌లో నాకు కావలసింది వేరియంట్ పేరు కాదు, ఆక్సిజన్ సిలిండర్.

నీరజ: ఆ సిలిండర్లు ముందే తెప్పించుకోమని చెప్పడానికే ఈ నిఘా, మామయ్యా. 2020 డిసెంబర్ చివర్లో కరోనా జన్యుక్రమాలు చదివే పది ల్యాబ్‌లతో ఇన్సాకాగ్ అనే జాతీయ కూటమి ఏర్పాటైంది. అందులో రెండు మన ఊళ్లోని పరిశోధన సంస్థలే, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. 2021 మార్చి 24న కేంద్ర ఆరోగ్య శాఖ ఏం చెప్పిందో గుర్తుందా? మహారాష్ట్ర శాంపిళ్లలో 15 నుంచి 20 శాతం వాటిలో రెండు కొత్త మార్పులు ఉన్నాయని చెప్పింది.

మామయ్య: చెప్పారు. ఎవరు కదిలారు? నెల తిరిగేసరికి మా గేటు ముందు అంబులెన్సులు బారులు తీరాయి.

నీరజ: కదలకపోవడం నిఘా తప్పు కాదు. ఇక మందు మారదన్నారు కదా, మారింది. డెల్టా సమయంలో వైరస్‌ను అడ్డుకునే రెండు యాంటీబాడీలు కలిపిన కాక్‌టెయిల్ మందు ఇచ్చారు, డోసు దాదాపు 60 వేల రూపాయలు. ఒమిక్రాన్ వచ్చాక అది దాదాపు పనిచేయకుండా పోయింది. 2022 జనవరిలో అమెరికా దాని వాడకాన్ని ఆపించింది. ఊళ్లో ఏ రకం తిరుగుతోందో తెలియకపోతే బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బు వృథా మందుకు పోయేది.

మామయ్య: దానికి సీక్వెన్సింగ్ ఎందుకు? కొన్ని ఆర్టీపీసీఆర్ కిట్లలో వైరస్ ఎస్ జన్యువు కనపడకుండా మిగతా జన్యువులు కనపడితే ఒమిక్రాన్ అని అర్థమయ్యేది. అదే రోజు తెలిసిపోయేది.

నీరజ: ఒమిక్రాన్ తొలి రకానికి అది సరిపోయింది. తర్వాత అందులోనే బీఏ.2 అనే ఉపరకం వచ్చింది. దానిలో ఎస్ జన్యువు మామూలుగానే కనపడుతుంది. ఆ పద్ధతి మీదే ఆధారపడితే చాలా కేసులు తప్పిపోతాయని ఇన్సాకాగ్ 2022 జనవరి బులెటిన్‌లోనే హెచ్చరించింది. ఆ సంగతి తెలిసింది సుమారు 30 వేల అక్షరాలున్న క్రమం మొత్తం చదివినందువల్లే.

మామయ్య: సరే, నా అసలు కోపం వేరే ఉంది. ఎన్440కె అనే వైరస్ మార్పు గుర్తుందా? ల్యాబ్‌లో కణాల మీద చేసిన ప్రయోగాన్ని పట్టుకుని "ఏపీ వేరియంట్, పదిహేను రెట్లు ప్రమాదం" అని టీవీల్లో ఊదరగొట్టారు. 2021 మేలో ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. పేరు పెట్టేది మీరు, అవమానం పడేది మా వాళ్లు.

నీరజ: ఆ అవమానం నేనూ పడ్డాను. అయితే ఆ మాట తప్పని తేల్చింది ఎవరు? ఎన్440కె అప్పటికే తగ్గిపోతోందని, దాని స్థానంలో వేరే రకాలు పెరుగుతున్నాయని శాంపిళ్ల లెక్కతో చెప్పింది సీసీఎంబీ శాస్త్రవేత్తలే. ఆ లెక్క లేకపోతే అపవాదు అలాగే ఉండిపోయేది.

ఈ చోట నాకు నీరజ మాటే బలంగా తోచింది. కానీ డాక్టరు బాధను పక్కన పెట్టలేం. ప్రయోగం సంగతి మొదటి రోజే హెడ్‌లైన్ అవుతుంది, వివరణ తర్వాతెప్పుడో లోపలి పేజీలో వస్తుంది. 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరియంట్లకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టింది కూడా ఊళ్ల మీద, దేశాల మీద ఈ మచ్చ పడకుండా ఉండాలనే.

మామయ్య: ఇప్పుడు టెస్టు చేయించుకునేవాళ్లే లేరు. డోలో వేసుకుని ఆఫీసుకు వెళ్తున్నారు. ఇక దేన్ని చదువుతారు?

నీరజ: మురుగునీటిని. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఇక్కడిదే ఇంకో పరిశోధన సంస్థ ఐఐసీటీ మన మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో శాంపిళ్లు తీసి, నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశాయి. అప్పటికి రాష్ట్రం మొత్తంలో నమోదైన కేసులు లక్ష దగ్గరే. టెస్టుకు రాని మనిషి కూడా మురుగులో లెక్కకు వస్తాడు. సోకిన వ్యక్తి నుంచి వైరస్ ముక్కలు 35 రోజుల దాకా పడుతూనే ఉంటాయి.

మామయ్య: మురుగంతా శుద్ధి కేంద్రానికి పోతుందా? నాలాలోకి పోయే బస్తీ ఇళ్ల సంగతేంటి? లెక్కలో గేటెడ్ కమ్యూనిటీ ఉండి, మా రోగి ఉండడు.

నీరజ: నాలాల్లోనూ శాంపిల్ తీయాలి. ఆ ఒక్క విషయంలో మీతో వాదించను.

మామయ్య: తీసి నాకేం చెబుతారు? వారానికి రెండు వాక్యాలు, తెలుగులో, నా ఫోన్‌కి రావాలి. మా వైపు పెరుగుతోందా తగ్గుతోందా, రకం మారిందా, అంతే. అది వచ్చేదాకా నా మాట మార్చుకోను.

నీరజ: అడగడం న్యాయమే. కానీ మురుగులో ఎందరివో ముక్కలు కలిసిపోయి ఉంటాయి. కొత్త రకం క్రమం సరిగ్గా తెలియాలంటే మనిషి ముక్కు నుంచి తీసిన శాంపిల్ కావాలి, అదీ వైరస్ బాగా ఉన్నది. మీ క్లినిక్ నుంచి ఒక్కటైనా వచ్చిందా?

మామయ్య: ఎవరు పట్టుకెళ్తారు? చల్లగా ఉంచాలి, ఫారం నింపాలి. నాకున్నది ఒక నర్సు, ఒక కాంపౌండరు.

నీరజ: ఐస్ పెట్టెతో మనిషిని ల్యాబే పంపాలి. ఆ ఖర్చు నిఘా ఖర్చులోనే పడాలి, మీ మీద కాదు.

మామయ్య: అది కాగితం మీద రాయించుకురా. ఆస్పత్రికి పంపాల్సి వచ్చినవాళ్ల స్వాబులు తీసి ఉంచుతాను. అందరివీ తీయలేను.

నీరజ: అందరివీ వద్దు. కానీ సీరియస్ కేసులే పంపితే వచ్చిన రకమల్లా ప్రాణాంతకమే అనిపిస్తుంది. మళ్లీ ఎన్440కె గోలే అవుతుంది. మామూలు జ్వరంతో వచ్చినవాళ్లలోంచి కూడా వారానికి కొందరివి తీయాలి, మామయ్యా.