అట్రిబ్యూట్ గారికి ఒక విన్నపం

అట్రిబ్యూట్ గారికి,

నమస్కారాలు. సీ షార్ప్ కోడ్‌లో క్లాసు నెత్తిన, చదరపు బ్రాకెట్ల మధ్య, అది ఏ డేటాబేస్ టేబుల్‌కు చెందుతుందో చెప్పే గుర్తుగా తమరు సుఖంగా కొలువుదీరి ఉన్నారని తలుస్తాను. మీ జావా బంధువు ఆనొటేషన్ గారిని కూడా అడిగినట్టు చెప్పండి.

మీరు రాకముందు మా బతుకంతా ఎక్స్‌ఎమ్‌ఎల్ పాలు. ఏ క్లాసు ఏ టేబుల్‌కు చెందుతుందో వేరే ఫైలులో రాసేవాళ్లం. క్లాసులో పేరు మార్చి అక్కడ మార్చకపోతే అంతే సంగతులు. 2006లో జావా డేటాబేస్ ప్రమాణం జేపీఏ మీ బంధువుకు, 2011లో మైక్రోసాఫ్ట్ వారి ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ (ఈఎఫ్) 4.1 కోడ్ ఫస్ట్ పేరుతో మీకు పెద్దపీట వేశాయి. ఇక మ్యాపింగ్ (క్లాసుకూ టేబుల్‌కూ కుదిర్చే జత) అంతా కళ్లెదుటే ఉంటుందన్నారు. నిజమే, ఇంకేమీ కనబడనంతగా ఉంది.

కస్టమర్ క్లాసునే చూడండి. దానికి టేబుల్ పేరు తెలుసు, రికార్డును గుర్తించే కీ ఏదో తెలుసు, ఏ కాలమ్‌లో ఎన్ని అక్షరాలు పడతాయో తెలుసు. తెలియనిదల్లా కస్టమర్ సంగతే. డేటాబేస్‌తో తనకు సంబంధం లేదని చెప్పుకోవాలన్నా క్లాసులోని ప్రాపర్టీ (డేటా అంశం) మీ దగ్గరకే వచ్చి ‘నాట్‌మ్యాప్డ్’ అనే ముద్ర వేయించుకోవాలి!

టేబుల్ పేరులో ఒక అక్షరం తప్పు పడినా కంపైలర్ మిమ్మల్ని పల్లెత్తు మాట అనదు. కొటేషన్ మార్కుల మధ్య ఉన్నదంతా దానికి వేదవాక్కు. తప్పు సంగతి క్వెరీ డేటాబేస్‌ను చేరాక గానీ బయటపడదు.

మీ ‘మ్యాక్స్‌లెంగ్త్’ గారి దర్పం వేరు. 50 అని బోర్డు పెట్టుకుని కాపలాదారులా నిలబడతారు. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కొత్త రూపమైన ఈఎఫ్ కోర్‌లో 60 అక్షరాల పేరు ఆయన ముందు నుంచే దర్జాగా వెళ్లిపోతుంది, ఆపవలసింది డేటాబేసే. పోనీ 100కు మార్చితే? మైగ్రేషన్ (కోడ్‌లోని మార్పును డేటాబేస్‌కు చేర్చే పని) నడిచేదాకా కాలమ్‌లో చలనం ఉండదు. కొన్నిసార్లు మైగ్రేషన్ చేసినా ఉండదు. ఎందుకంటే ఎక్కడో కింద ఆన్‌మోడల్‌క్రియేటింగ్ అనే మెథడ్‌లో, మ్యాపింగ్‌ను గుర్తులతో కాక మామూలు కోడ్‌తో చెప్పే ఫ్లూయెంట్ ఏపీఐ గారు ఇంకో అంకె రాసి కూర్చున్నారు, ఆయన మాట మీ మాటకంటే పైది. ఆ ముక్క మీరు చెప్పరు. చెల్లని మీ అంకెతోనే, ఏమీ ఎరగనట్టు, క్లాసు మీద వెలుగుతూ ఉంటారు. కొత్తగా చేరిన ప్రోగ్రామర్ మిమ్మల్నే నమ్మి చదువుకుంటాడు.

రెండు కాలమ్‌లు కలిసిన కీ అడిగితే మాత్రం ఈఎఫ్ కోర్‌లో చేతులెత్తేశారు. 2022లో ఏడో వెర్షన్ వచ్చేదాకా ఆ ఫ్లూయెంట్ గారినే ఆశ్రయించాం. ఇంత పలుకుబడి ఉన్నవారు అన్నేళ్లు ఏం చేస్తున్నట్టు?

పెద్దగా ఏమీ కోరను. టేబుల్ పేరు, కాలమ్ పేరు వరకు మీ మాట శిరోధార్యం. మిగతాది మ్యాపింగ్ కోసం విడిగా రాసే కాన్ఫిగరేషన్ క్లాసుకు అప్పగించి కాస్త పక్కకు జరగండి.

ఇట్లు,
మీ ఐదు వరుసల కింద ఒక్క ప్రాపర్టీ కోసం వెతుక్కుంటున్న ప్రోగ్రామర్