రైఫిల్ పేలిస్తే భుజం విరగదు, తగిలినవాడు గాల్లోకి ఎగరడు

ఈ మధ్య బెజవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. ఒకాయన పెద్ద రైఫిల్ పేలుస్తాడు, తుపాకీ చేతుల్లోంచి జారి ఎగిరిపోతుంది, మనిషి తూలి వెనక్కి పోతాడు. దానికింద ఈ రాత: "ఒరిజినల్ రైఫిల్ పవర్ ఇదీ. మామూలు మనిషి పేలిస్తే భుజం ఎముక విరగడం ఖాయం. తగిలినవాడు పది అడుగులు ఎగిరి పడతాడు. కిక్ ఎంత ఎక్కువుంటే, తూటా ఎంత లావుంటే అంత పవర్. ఆడపిల్లలు, బక్కవాళ్ళు రైఫిల్ కాల్చలేరు. అర కిలోమీటరు దాటితే మాత్రం ఏ తూటా ఏమీ చేయలేదు."

ఎన్‌సీసీలో చేరి నాలుగు రౌండ్లు కాల్చినవాళ్ళు కూడా దీన్ని దండం బొమ్మ పెట్టి ఫార్వర్డ్ చేస్తుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఆ వీడియో సంగతి. అది ఫేక్ అయి ఉండక్కర్లేదు, కానీ దాంట్లో ఉన్నది మన పోలీసు చేతిలో కనిపించే రైఫిల్ కాదు. ఏనుగుల్లాంటి పెద్ద జంతువుల వేట కోసం చేసిన తూటాలు కొన్ని ఉన్నాయి, టైరనోసార్ అని పేరు పెట్టిన ఒకదాని గుండే 48 గ్రాములు, వేగం సెకనుకు 750 మీటర్ల దాకా. మన పోలీసుల దగ్గర కనిపించే ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ గుండు తొమ్మిదిన్నర గ్రాములు. ఇలాంటి వీడియోల్లో తరచూ ఇలాంటి బరువైన గుండునే, అదీ నిటారుగా నిలబడి వదులుగా పట్టుకున్న కొత్తవాళ్ళ చేత పేలిపించి నవ్వుకుంటారు. అది చూసి రైఫిల్స్ అన్నీ ఇంతే అనుకోవడం ఏం లెక్కో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు భుజం ఎముక. ఎస్‌ఎల్‌ఆర్ గుండు సెకనుకు సుమారు 840 మీటర్ల వేగంతో బయటికి వెళ్తుంది. గ్రాముల్ని కిలోల్లోకి మార్చి వేగంతో గుణిస్తే దాని ద్రవ్యవేగం 8 వస్తుంది, మందు కాలి గ్యాసుగా బయటికి తన్నుకుపోయేదాన్ని కూడా కలిపితే పదకొండు, పన్నెండు దగ్గరికి చేరుతుంది. పదో తరగతిలో చదివిన న్యూటన్ మూడో సూత్రమే, ముందుకు ఎంత పోతే వెనక్కీ అంతే రావాలి. కాకపోతే వెనక్కి వచ్చేది తొమ్మిదిన్నర గ్రాముల గుండు కాదు, నాలుగున్నర కిలోల తుపాకీ, అందుకే అది సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతోనే కదులుతుంది. శక్తి లెక్కలో గుండుకి దాదాపు 3300 జౌళ్ళు దక్కితే తుపాకీకి మిగిలేది 15 జౌళ్ళు. కిలోన్నర బియ్యం పొట్లం మీటరు ఎత్తు నుంచి భుజం మీద పడితే ఎంతో అంత. నొప్పి పుడుతుంది, చాలా రౌండ్లు కాలిస్తే భుజం కమిలిపోతుంది, సరిగ్గా ఆనించకపోతే బట్టు (భుజానికి ఆనించే తుపాకీ వెనక భాగం) గూడ ఎముక మీద కొట్టి మంట పుట్టిస్తుంది. ఎముక విరగడం వేరే విషయం. ఫైరింగ్ రేంజ్‌లో ఉస్తాద్ 'బట్టుని భుజం గుంటలోకి గట్టిగా లాక్కో' అని ఊరికే అరవడు. అలా ఆనించుకున్నప్పుడు తుపాకీ బరువుకి మన ఒంటి బరువు కూడా తోడై దెబ్బ కాస్తా తోపుగా మారిపోతుంది. వదులుగా పట్టుకుంటే మాత్రం తుపాకీ ఖాళీ జాగాలో వేగం పుంజుకుని వచ్చి గుద్దుతుంది. టెలిస్కోప్ ఉన్న బలమైన రైఫిల్ అయితే, కన్ను దానికి మరీ దగ్గరగా పెట్టినవాళ్ళ కనుబొమ్మ చిట్లడం నిజంగా జరుగుతుంది, భయపడాలనుకుంటే దానికి భయపడండి.

దీనికి తోకగా ఇంకో మాట వినిపిస్తుంది, కిక్ వల్లే గురి తప్పుతుందని. ఎక్కువసార్లు కాదు. గుండు బ్యారెల్‌లో ఉండేది సెకనులో దాదాపు వెయ్యోవంతు, ఆలోపు తుపాకీ ఒకటి రెండు మిల్లీమీటర్లు కదులుతుందేమో, అది కూడా ప్రతిసారీ ఒకేలా కదులుతుంది కాబట్టి గురి చూసే సైట్లు సెట్ చేసేటప్పుడే సర్దుకుపోతుంది. అసలు తన్ను మనకి తెలిసేసరికి గుండు వెళ్ళిపోయింది. గురి చెడగొట్టేది రాబోయే కిక్ గురించిన టెన్షన్. కళ్ళు మూసుకుంటారు, భుజాన్ని ముందుకు తోస్తారు, ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కకుండా లాగిపారేస్తారు. కాల్చేవాడికి తెలియకుండా మేగజీన్‌లో పేలని డమ్మీ రౌండ్ ఒకటి కలిపితే బండారం బయటపడుతుంది, తుపాకీ పేలకపోయినా చెయ్యి ఎగురుతుంది.

పది అడుగులు ఎగరడం అనేది ఇందాకటి ద్రవ్యవేగం లెక్కలోనే చచ్చిపోతుంది, కానీ సినిమాల పుణ్యమా అని దీన్ని ఎవరూ వదలరు. తగిలినవాడి మీద పడే తోపు కాల్చినవాడి భుజం మీద పడినదానికంటే ఎక్కువ ఎలా ఉంటుంది? నిజానికి తక్కువే, గ్యాసు వాటా అతనికి చేరదు కదా. గుండు ద్రవ్యవేగం 8ని 70 కిలోల మనిషికి పంచితే సెకనుకు పదకొండు సెంటీమీటర్ల వేగం. అది నడక కూడా కాదు. కాల్చినవాడు నిలబడే ఉండి, తగిలినవాడు గోడ పగలగొట్టుకుని అవతల పడ్డాడంటే నడుముకి కట్టిన తాడుని ఎవరో లాగారన్నమాట. అమెరికాలో బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు చేసి అమ్మిన రిచర్డ్ డేవిస్ అనే ఆయన జాకెట్ మీద నమ్మకం కలిగించడానికి తొడుక్కుని తన మీద తానే రివాల్వర్‌తో కాల్చుకుని చూపించేవాడు, ఎగిరి పడలేదు సరికదా వెంటనే తిరిగి టార్గెట్లు కొట్టేవాడు. (ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి అని కూడా రాయాల్సిన రోజులివి.) గుండు దెబ్బకి మనుషులు కుప్పకూలడం నిజమే. అది గుండు తోసినందుకు కాదు, లోపల నరాలు, రక్తనాళాలు తెగినందుకు.

కిక్‌తో పవర్ కొలవడం గురించి. తన్ను గుండు బరువుని బట్టి, వేగాన్ని బట్టి, తుపాకీ బరువుని బట్టి మారుతుంది. గుండు శక్తి మాత్రం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఈ రెండూ కలిసి నడవవు. పంట కాపలాకి లైసెన్సు తీసుకున్న రైతు ఇంట్లో ఉండే 12 బోర్ తుపాకీ చూడండి, ముప్పై గ్రాములకు పైగా సీసం ఒకేసారి విసురుతుంది, తుపాకీ చూస్తే మూడు కిలోలే, అందుకే ఎస్‌ఎల్‌ఆర్ కంటే గట్టిగా తంతుంది. ఆర్మీ, పోలీసులు వాడే 5.56 ఎం.ఎం. రైఫిల్ ఇన్సాస్‌తో పోలిస్తే ఆ తన్ను శక్తి అయిదారు రెట్లకు పైనే. అయినా 12 బోర్ చిన్న రవ్వలు యాభై అరవై మీటర్లు దాటేసరికి చెదిరి నీరసపడతాయి, భుజాన్ని పెద్దగా కదిలించని ఇన్సాస్ గుండు నాలుగు వందల మీటర్ల దూరంలోనూ ప్రాణం తీస్తుంది.

లావు లెక్క ఇంకా హాస్యం. పోలీసు నడుముకుండే 9 ఎం.ఎం. పిస్టల్ గుండు ఇన్సాస్ 5.56 గుండు కంటే బాగా లావు, బరువులో రెట్టింపు, శక్తి మాత్రం 500 జౌళ్ళ చుట్టుపక్కల. ఆ సన్నటి నాలుగు గ్రాముల గుండుది దానికి మూడు రెట్లు. ఏకే-47, ఎస్‌ఎల్‌ఆర్ రెండూ 7.62 అనే అంటారు, కానీ మందు నింపే డొప్ప ఒకదానికి 39 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 51. శక్తి 2000, 3300. లావు చూసి పవర్ చెప్పేవాళ్ళు ఈ రెండింటి దగ్గర ఏం చెప్తారో మరి.

ఇక్కడ ఒక బాబాయిగారు గ్రూపులో అడ్డం తిరిగారు, "ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలప్పుడు పోలీసులు గాల్లోకి కాలుస్తారు కదా, ఒక్కడి భుజం కూడా కదలదు, కిక్కే లేదు" అని. అవి బ్లాంకులండీ బాబాయ్. డొప్ప, మందు ఉంటాయి, గుండు ఉండదు. ముందుకు పోయేది కాస్త గ్యాసే అయినప్పుడు వెనక్కి పెద్దగా ఏం తంతుంది? షూటింగుల్లో హీరో చేతికొక ఏకే పట్టుకుని గడగడలాడించేది కూడా బ్లాంకులతోనే, లేదంటే గ్రాఫిక్స్. అసలు గుండ్లతో అయితే మూడు నాలుగు రౌండ్లకే గొట్టం ఆకాశం చూస్తుంది, నిమిషానికి 600 చొప్పున 30 గుండ్ల మేగజీన్ మూడు సెకన్లలో ఖాళీ. బ్లాంకు కదా అని దగ్గర్నుంచి మనిషి వైపు పేల్చడం మాత్రం వద్దు, ఆ వేడి గ్యాసు ప్రాణం తీయగలదు.

ఆడపిల్లల మాటకి పెద్ద జవాబు అక్కర్లేదు. అవని లేఖరా వీల్‌చెయిర్‌లో కూర్చుని టోక్యో, పారిస్ పారాలింపిక్స్ రెండింట్లోనూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ బంగారం గెలిచింది. ఎయిర్ రైఫిల్‌కి కిక్ లేదు కదా అంటారా, ఒప్పుకుంటా. మరి ఎన్‌సీసీలో అమ్మాయిలు పాయింట్ టూటూ (0.22 అంగుళాల చిన్న గుండు రైఫిల్), ఆర్మీలో, పోలీసుల్లో ఆడవాళ్ళు ఇన్సాస్ కాలుస్తూనే ఉన్నారు. కావాల్సింది కండ కాదు, సరైన పొజిషన్.

చివరిది, నిజంగా ప్రమాదకరమైన అబద్ధం, అర కిలోమీటరు మాట. ఇన్సాస్‌కి 400 మీటర్లు అని రాసేది గురి పెట్టి కొట్టగలిగే దూరం. గుండు అక్కడ ఆగిపోదు. ఎన్‌సీసీ పిల్లలకిచ్చే పాయింట్ టూటూ గుండే ఏటవాలుగా పైకి కాలిస్తే దాదాపు కిలోమీటరున్నర పోగలదు, ప్రకాశం బ్యారేజీ పొడవు కిలోమీటరుంబావు కూడా లేదు. అంటే బెజవాడ ఒడ్డున సరదాగా పైకి పేలిస్తే సీతానగరంలో ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. ఎస్‌ఎల్‌ఆర్ గుండు మూడు కిలోమీటర్లు దాటిపోతుంది. పెళ్ళిలో, ఊరేగింపులో నిట్టనిలువుగా కాల్చినా, పైకి పోయి ఆగి తిరిగొచ్చే గుండు గాలి అడ్డుపడినా సెకనుకు 90 మీటర్ల దాకా వేగంతో దిగగలదు, తల మీద పడితే పుర్రె పగలొచ్చు. ఏటవాలుగా కాల్చినదైతే ఇంకా వేగంగా వస్తుంది, పైగా గురి చూసి నిట్టనిలువుగా ఎవరు కాలుస్తారు చెప్పండి, ఊరేగింపుల్లో అందరూ కాల్చేది ఏటవాలుగానే.