రాలిన ఈకలేనా?

వారం రోజులుగా విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఎంవీపీ కాలనీలో ఉండే మా పిన్ని పంపితే నా దాకా వచ్చింది. పైన ఈకల గౌను ఫొటో, కింద నాలుగు ముక్కలు. పక్షులు రాల్చిన ఈకల్నే ఏరి కుడతారట. ఆ మోజు హాలీవుడ్‌లో పుట్టిందట. ఈకల కోసం పక్షుల వేటని ఆపింది తెల్లవాళ్ళ చట్టాలేనట. రాలిన నెమలి ఈకల్ని ఏ దేశానికైనా పంపుకోవచ్చట.

హాలీవుడ్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. 1770లలోనే ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ జుట్టు మీద ఎత్తైన ఈకలు నిలబెట్టింది. హవాయి రాజులు ఈకల అంగీలు కప్పుకున్నారు. మన కృష్ణుడి పింఛం సరేసరి.

అసలు పేచీ ‘రాలినవే’ అన్న మాటతో. ఇది కొత్త అబద్ధం కూడా కాదు, నూరేళ్ళ కిందట ఈకల వ్యాపారులు చెప్పుకున్నదే. విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ సరస్సుకి వెళ్తే తెల్లకొంగలు కనిపిస్తాయి. గూడు కట్టే కాలంలో వాటి వీపు మీద పొగలాంటి సన్నటి ఈకలు వస్తాయి. యూరప్, అమెరికా ఆడవాళ్ళ టోపీలకి కావలసినవి అవే. రాలేసరికి అవి నలిగి, మాసిపోతాయి, ధర పలకదు. అందుకే వేటగాళ్ళు గూటి దగ్గరే తల్లిదండ్రుల్ని కాల్చేవాళ్ళు. పిల్లలు ఆకలితో చచ్చిపోయేవి. 1903 ప్రాంతంలో అమెరికాలో ఔన్సు కొంగ ఈకలు 32 డాలర్లు. అప్పుడు ఔన్సు బంగారం 20 డాలర్ల పైచిలుకు! 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిప్రేమికుడు న్యూయార్క్ వీధుల్లో లెక్కపెడితే, 700 టోపీల్లో 542 మీద ఈకలున్నాయి.

నిప్పుకోడి విషయంలో మాత్రం మెసేజ్‌కి కొంత మార్కులివ్వాలి. దాన్ని చంపకుండానే ఈకలు కత్తిరించవచ్చు. దక్షిణాఫ్రికాలోని ఔట్‌స్‌హోర్న్ పట్టణం వాటితోనే ధనవంతమైంది. 1914లో యుద్ధం వచ్చి, పైకప్పు లేని కార్లలో పెద్ద టోపీలు నిలవక, ఆ గిరాకీ కుప్పకూలింది. అయినా అవి పెంపకం పక్షుల నుంచి కోసినవే తప్ప ఎవరో ఏరుకొచ్చినవి కావు.

చట్టాల మాటకొస్తే, బ్రిటన్ ఈకల దిగుమతిని నిషేధించింది 1921లో. మన దేశం నుంచి పక్షుల ఈకలు, చర్మాల ఎగుమతిని 1902లోనే ఆపేశారు. నిప్పుకోడి ఈకలకీ, శాస్త్ర నమూనాలకీ మినహాయింపు. అది బ్రిటిష్ వైస్రాయ్ కర్జన్ హయాం, కాబట్టి ఘనత మనదే అనను. కానీ లండన్‌లో చట్టం రావడానికి ఇంకో 19 ఏళ్ళు పట్టింది. అక్కడ కూడా దానికోసం కొట్లాడింది ఆడవాళ్ళే. 1889లో మాంచెస్టర్ దగ్గర ఎమిలీ విలియమ్‌సన్ మొదలుపెట్టిన పక్షిరక్షణ సంఘం వాళ్ళది.

ఇక నెమలి. 1972 వన్యప్రాణి చట్టం వల్ల నెమలిని చంపడం నేరం. వాటంతట అవి రాలిన తోక ఈకల్ని దేశంలో అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. విదేశాలకు ఎగుమతి మాత్రం నిషేధం. పిన్నీ, వచ్చే వారం అమెరికా వెళ్తున్న కోడలి సూట్‌కేసులో పెట్టిన ఆ నెమలి ఈకల విసనకర్ర తీసేయ్.