కత్తెర సంగతి కూడా రాయాల్సింది
హాలీవుడ్ దర్శకురాలు డొరతీ ఆర్జ్‌నర్ దర్శకత్వం గురించి మీ వ్యాసంలో బాగా రాశారు కానీ, ఎడిటింగ్‌ని మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకైతే అసలు మజా అక్కడే ఉంది. 1922లో వచ్చిన 'బ్లడ్ అండ్ శాండ్'లో ఎద్దుతో పోరాటం సీన్లకి ఎక్కడో తీసిన పాత ఫుటేజీ తెచ్చి, హీరో వాలెంటినో క్లోజప్‌లతో కలిపి అతికించారావిడ. హీరో నిజంగానే ఎద్దు ముందు నిలబడ్డాడేమో అనిపిస్తుంది! స్టూడియోలో స్క్రిప్టులు టైపు చేసే పనితో మొదలుపెట్టిన మనిషి మరి. దర్శకత్వం ఇవ్వకపోతే వేరే కంపెనీకి పోతానని పారామౌంట్ స్టూడియోకి గట్టిగా చెప్పాకే 1927లో మొదటి సినిమా చేతికొచ్చింది. 1929లో నటి క్లారా బో తొలి టాకీకి (మాటలున్న సినిమాకి) మైకుని గేలం కర్రకి కట్టించి, నటి ఎటు కదిలితే అటు తిప్పించారట. ఎద్దు సీను దొరికితే ఓసారి చూడండి, అతుకు ఎక్కడుందో పట్టుకోగలరేమో.