సవరణ: కొత్త ల్యాప్‌టాప్‌లో పైథాన్ సెటప్

హనుమకొండ, కాజీపేట వైపు ఇంజినీరింగ్‌లో కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇంతకుముందు పెట్టిన పోస్టులో, ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించాక నేరుగా పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) నంపై అనే లెక్కల లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసుకోవాలని ఉంది. అది ఉబుంటు 22.04 లాంటి పాత వెర్షన్లకే వర్తిస్తుంది. 23.04 నుంచి ఆ కమాండ్ కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అనే ఎర్రర్ వస్తుంది. 24.04లోనూ అంతే. టెన్షన్ పడకండి, ల్యాప్‌టాప్‌కు ఏమీ కాలేదు.

ఉబుంటు సొంత టూల్స్ కొన్ని పైథాన్‌లోనే రాసి ఉంటాయి. వాటికి కావలసిన లైబ్రరీలను ఉబుంటు సొంత ఇన్‌స్టాల్ టూల్ అయిన ఆప్ట్ చూసుకుంటుంది. మధ్యలో పిప్ వేరే వెర్షన్ తెచ్చి పెడితే ఆ టూల్స్ పనిచేయకుండా పోవచ్చు, అందుకే ఈ అడ్డు. 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్ జోడించి దాటేయమని ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు.

ముందు ఆప్ట్‌తో పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వేసుకోండి. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకు మాత్రమే విడిగా ఉండే పైథాన్ ఏర్పాటు) తయారు చేసి, దాన్ని యాక్టివేట్ చేశాకే పిప్ వాడండి. టెర్మినల్ కొత్తగా తెరిచిన ప్రతిసారీ మళ్లీ యాక్టివేట్ చేయాలి. కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. వీఎస్ కోడ్ ఎడిటర్ వాడేవాళ్లు 'సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్' దగ్గర ఆ ఎన్విరాన్‌మెంట్‌లోని పైథాన్‌నే ఎంచుకోవాలి, లేకపోతే ఇన్‌స్టాల్ చేసిన నంపై కూడా దొరకడం లేదనే చూపిస్తుంది.

ఆ పోస్టులో విండోస్ వాళ్లకు చెప్పిన విషయం, అంటే ఇన్‌స్టాలర్‌లో పైథాన్‌ను పాత్‌లో (కమాండ్ కొడితే విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) చేర్చే టిక్కు పెట్టుకోవడం, అలాగే ఉంటుంది.